ఒక ఇంటికి ఒక ఏడాది

నాకు ముక్కు మీదే కోపం అంటాడు మా ఆయన. ఉండొచ్చు. ఈ సంగతి రాద్దామని కూర్చున్న ప్రతిసారీ మొదటి పేజీలోనే తిట్లు వచ్చేస్తున్నాయి. చింపేసి లేచిపోతున్నాను. ఈసారి ఓపిగ్గా దుకాణం దగ్గర మొదలుపెడతాను. తిట్లు వచ్చేచోట అవే వస్తాయి.

సింగపూరులో యూ టీ అనే పేటలో మా బ్లాకు కింద చైనీస్ పూజా సామాన్ల దుకాణం ఒకటుండేది. అగరొత్తులు, ఎర్ర కొవ్వొత్తులు, దీపాల నూనె, చనిపోయినవాళ్ళ కోసం కాల్చే బంగారు రంగు కాగితాలు, అన్నీ నేల నుంచి పైకప్పు దాకా పేర్చి ఉండేవి. దాని సొంతదారు ఒక ఆంటీ. డెబ్భై దాటిన మనిషి. పొట్టి జుట్టు, పూల చొక్కా, కాళ్ళకి రబ్బరు చెప్పులు. పుట్టింది ఇక్కడే. వాళ్ళ నాన్న దక్షిణ చైనాలోని ఒక పల్లె నుంచి ఓడెక్కి వచ్చి, నది ఒడ్డున బస్తాలు మోసి, పిల్లల్ని పెంచాడట. ఇంట్లో వాళ్ళు మాట్లాడుకునేది టియోచ్యూ అనే వాళ్ళ ప్రాంతపు భాష. చైనా ప్రభుత్వం మాట్లాడే మాండరిన్ ఆవిడకి నాకు సంస్కృతం వచ్చినంత వచ్చు, వింటే అర్థమవుతుంది, మాట్లాడటం రాదు. నాతో మాట్లాడేది ముక్కలు ముక్కలుగా విరిచిన ఇంగ్లీషు. దాన్ని ఇక్కడ మన మాటల్లోనే పెడుతున్నాను గానీ, ఇక్కడివాళ్ళు మాట చివర తగిలించే ఆ 'లా'ని మాత్రం వదిలెయ్యలేను. అది లేకపోతే ఆవిడే లేదు.

మా పరిచయం ఒక కార్తీకమాసంలో మొదలైంది. పౌర్ణమినాడు మూడువందల అరవై అయిదు వత్తుల కట్ట వెలిగించడం మనవాళ్ళకి అలవాటు కదా, ఏడాదంతా మానేసిన దీపాలన్నిటికీ ఒక్కరోజున సరిపెట్టెయ్యడం. ఆఫీసు నుంచి వస్తూ వస్తూ పత్తి కోసం ఆ దుకాణంలో దూరాను. దొరికింది. నడుం నొప్పిగా ఉందని అక్కడే స్టూలు మీద కూర్చుని నాలుగు వత్తులు చేసుకుంటుంటే ఆవిడ వచ్చి, ఏమిటిది అని అడిగింది. చెప్పాను.

"అంటే రోజూ వెలిగించక్కర్లేదా? ఏడాదికి ఒక్కసారి మొత్తం కట్టేస్తే మీ దేవుడు ఒప్పుకుంటాడా?"

"ఒప్పుకుంటాడు ఆంటీ."

"మంచి దేవుడు లా. మా వాళ్ళు ఒప్పుకోరు."

అని నా చేతిలోంచి పత్తి లాక్కుంది. పొద్దస్తమానం బంగారు కాగితాలు మడిచి నాణేలు చేసే వేళ్ళు అవి. టియోచ్యూలో లెక్కపెట్టుకుంటూ, నాతో కబుర్లు చెప్తూ, కొంటున్నవాళ్ళకి చిల్లర ఇస్తూ కట్ట మొత్తం చేసేసింది. మా అమ్మ చేస్తే కూడా అంత సన్నగా రావు. మరుసటేడు మా బ్లాకులో తెలుగువాళ్ళకి చూపించాను. అంతే, అందరికీ కావాలిట! వత్తులు చేసుకోవడానికి ఒక్కరికీ తీరిక లేదు, పుణ్యం మాత్రం అందరికీ కావాలి. ఆ తరవాత ఏటా మా బ్లాకు తెలుగువాళ్ళ గ్రూపు మొత్తం ఆర్డరు ఆంటీకే. వర్షాకాలం మొదలయ్యే ముందు నుంచే చెయ్యడం మొదలుపెట్టేది. ఏ కట్ట ఏ ఇంటిదో ఆవిడకి తెలుసు. పద్నాలుగో అంతస్తువాళ్ళకి కొంచెం లావు వత్తులు కావాలి, మూలింటి ముసలమ్మగారికి పసుపు దారంతో కట్టాలి. అన్నీ ఆవిడ బుర్రలోనే ఉండేవి.

ఆవిడ కొడుక్కి ఆ దుకాణం అంటే మంట. లీజు కొత్తగా రాయించుకోవద్దు, మూసెయ్యి, ఇంట్లో కూర్చో అని ఒకటే పోరు. "కార్తీక్ మాసం చూసి చెప్తాను. మా ఇండియా వాళ్ళు వస్తారు" అని ఏటా వాయిదా వేసేది. మేము వస్తున్నన్నాళ్ళూ ఆ దుకాణం ఉంటుంది. అదీ వాళ్ళిద్దరి మధ్య ఒప్పందం.

ఇంతలో ఆవిడకి ఒక ఆహ్వానం వచ్చింది. చైనా ప్రభుత్వం అండ ఉన్న సంఘం ఒకటి, ఇక్కడి పెద్దవాళ్ళని వాళ్ళ తాతతండ్రుల ఊళ్ళు చూపించడానికి తీసుకెళ్తోంది. విమానం, హోటలు, భోజనం అంతా వాళ్ళదే. ఆంటీ చిన్నపిల్లలా సంబరపడింది. వాళ్ళ నాన్న ఇంటి ముందు రాతి గడప ఒకటి ఉండేదట, వర్షమొస్తే దాని మీద కూర్చుని కాళ్ళు తడుపుకునేవాడట. ఆ గడప చూడాలని ఆవిడ కోరిక. నా దగ్గర మంచి బ్యాగు అడిగి పట్టుకెళ్ళింది.

తిరిగొచ్చి బ్యాగు నా ముందు పడేసింది.

"గడప చూపించలేదు లా. హాలు చూపించారు."

ఊరు ఉన్నచోట పెద్ద రోడ్డుందట, దాని పక్కన కొత్త హాలు. రోజంతా ఆ హాల్లో కూర్చోబెట్టి ఉపన్యాసాలు. మా నాన్న ఇల్లెక్కడ అని టియోచ్యూలో అడిగితే, గైడు కుర్రాడికి అర్థం కాలేదు. ఎక్కడో ఉత్తరాది నుంచి వచ్చినవాడట. "అమ్మమ్మా, సరైన చైనీస్‌లో మాట్లాడండి" అన్నాడట నవ్వుతూ. మా నాన్న ఊళ్ళో మా నాన్న భాష సరైంది కాదట, అంది ఆవిడ. సాయంత్రం వేదిక ఎక్కించి, మెడలో ఎర్ర కండువా వేసి, చేతిలో జెండా పెట్టి వీడియో తీశారు. భోజనం బాగుంది, థాంక్యూ అని మాత్రం చెప్పి దిగిందట. నేను ఆ మాట నమ్ముతాను. మొహమాటానికి ఆవిడ అంతకన్నా అబద్ధం ఆడలేదు.

నేను రాఫెల్స్ ప్లేస్‌లో ఓడ సరుకులకి ఇన్సూరెన్స్ చేసే ఆఫీసులో పని చేస్తాను. ఎక్కడ ఏ రేవు ఎవరి డబ్బుతో కట్టారో తెలుసుకోవడం మా పనిలో భాగం. చైనా కట్టించిన రేవులు మా తెర మీద ఎన్నో కనబడతాయి. ఒక చిన్న ద్వీప దేశానికి రేవు కట్టిచ్చారు, ఆటల మైదానం కట్టిచ్చారు, మంత్రులు కూర్చోవడానికి భవనం కట్టిచ్చారు. ఆ తరవాతి ఎన్నికల్లో అక్కడి జనం ఆ మంత్రుల్నే ఇంటికి పంపించి, వచ్చినవాళ్ళు పాత ఒప్పందాలన్నీ తిరగదోడారు. మా బాస్ దాని మీద పెద్ద రిపోర్టు రాశాడు. అంత డబ్బు పోసినా మాట ఎందుకు చెల్లలేదు అని బోలెడు పేజీలు. నేను అప్పుడే అనుకున్నాను, ఇంత కష్టమెందుకు, మా ఆంటీని అడిగితే ఒక్క ముక్కలో చెప్పును కదా అని. గడప అడిగితే హాలు చూపిస్తారు, అంతే.

తరవాత హిమాలయాల సరిహద్దు సంగతులు మళ్ళీ టీవీల్లో వేడెక్కాయి. మా తెలుగు వాట్సాప్ గ్రూపు ఒక్కసారిగా సైన్యమైపోయింది. యూ టీలో ఏసీ గదుల్లో కూర్చుని, చైనాలో తయారైన ఫోన్లలో, చైనా సరుకు బహిష్కరించండి అని పోస్టుల మీద పోస్టులు. సరే, దేశం మీద ప్రేమ, ఉండనీ అనుకున్నాను. నాకూ ఉంది, అక్కడ చనిపోయిన కుర్ర జవాన్లని తలుచుకుంటే నాకూ కడుపు తరుక్కుపోతుంది.

ఒకరోజు గ్రూపులో ఆ వీడియో వచ్చింది. ఎవరి ఆఫీసులోనో ఎవరో పంపితే ఇక్కడికి చేరింది. కండువాతో, జెండాతో మా ఆంటీ. కింద చైనీస్ అక్షరాలు, పక్కన ఇంగ్లీషులో అర్థం. ఎక్కడ పుట్టినా నా గుండె మాతృభూమిదే, అని ఆవిడ అన్నదట!

మా గ్రూపు అధ్యక్షుల వారికి పూనకం వచ్చింది. ఆయన పద్నాలుగో అంతస్తు మనిషి. లావు వత్తుల ఇల్లు. బ్యాంకులో పెద్ద ఉద్యోగం, చైనా కంపెనీలే ఆయన ఖాతాదార్లు. వాళ్ళతో విందుల్లో గ్లాసు ఎత్తి దిగిన ఫొటోలు నెలకొకటి పెడతాడు. అలాంటాయన ఆ ఆదివారం బ్లాకు పక్కన అందరూ చేరే పెవిలియన్ కింద మీటింగు పెట్టి, ఇకమీదట ఆ దుకాణంలో ఎవరూ ఏదీ కొనకూడదన్నాడు.

నేను లేచాను. "ఏవండీ, ఆవిడ సింగపూరు మనిషి. ఇక్కడే పుట్టింది. మీకూ నాకూ చేతిలో ఉన్నది వర్క్ పాసులు, ఆవిడది ఈ దేశం. ఆవిడకీ ఆ సరిహద్దుకీ ఏమిటి సంబంధం?"

"సెంటిమెంట్స్ ఉంటాయి కదా మేడమ్. వీడియో మీరూ చూశారు. బ్లడ్ ఈజ్ బ్లడ్ అండి."

"మొన్న మీ బాబుకి జ్వరమొస్తే అర్ధాంతరంగా దుకాణం మూసి క్లినిక్కి తీసుకెళ్ళింది ఎవరండీ? అప్పుడేం బ్లడ్డండీ?"

ఆయన మొహం కందగడ్డ అయింది. ఆయన భార్య చీర కొంగు సర్దుకుంటూ వేరేవైపు చూసింది. "అక్కా, పర్సనల్ వద్దక్కా" అంది ఒక హైదరాబాదు అమ్మాయి. "మనం ఏం గొడవ పెడ్తలేం కదా, జస్ట్ కొంటలేం, అంతే." మిగిలినవాళ్ళందరూ గంగిరెద్దుల్లా తలలూపారు. మా అమ్మాయికి పదకొండేళ్ళు, పక్కన కూర్చుని వింటోంది. "అమ్మా, ఆంటీ ఈజ్ సింగపూరియన్ వాట్. వై దే సో బ్లర్?" అని నన్నే అడిగింది. బ్లర్ అంటే ఇక్కడి పిల్లల భాషలో బుర్ర లేనివాళ్ళు.

ఆలోచిస్తే నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. చైనా ప్రభుత్వానికీ మా వాట్సాప్ గ్రూపుకీ ప్రపంచంలో దేనిమీదా పొత్తు కుదరదు. ఈ ఒక్క విషయంలో మాత్రం ఇద్దరూ ఒక్క మాట మీద ఉన్నారు. ఆవిడ చైనావాళ్ళ మనిషి. ఆ సంగతి ఆవిడని అడగాలని ఇద్దరికీ తోచలేదు.

ఆ శనివారం ఆంటీకి ఎలాగైనా చెప్పాలని కిందికి దిగాను. అప్పటికే కట్టలు చాలావరకు అయిపోయాయి, అరల్లో వరసగా పెట్టి ఉన్నాయి. నేను నోరు తెరిచేలోపు ఒక యువకుడు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో కమలాపళ్ళ బుట్ట. ఆ సంఘం మనిషి. నన్ను చూసి మర్యాదగా నవ్వి, ఆవిడతో మాండరిన్‌లో మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆవిడ వింటూ వింటూ మధ్యలో నా వైపొకసారి చూసింది. మా మీటింగు సంగతి నాకన్నా ముందు వాడు చెప్పేస్తున్నాడని అర్థమైంది. ఆ వీడియో మాకు చేరినట్టే మా గ్రూపు పోస్టులు వాళ్ళకీ చేరినట్టున్నాయి.

అతను మాట్లాడటం ఆపాడు. ఆంటీ లేచి నిలబడింది. తరవాత టియోచ్యూలో దుకాణం అదిరిపోయేలా అరిచింది. అతనికి ఒక్క ముక్క అర్థమైనట్టు లేదు, కానీ గుమ్మం వైపు చూపించిన వేలు అర్థమైంది. ఆవిడ ఆ కమలాపళ్ళ బుట్ట కూడా చేతికిచ్చి మరీ పంపించింది. అతను వెళ్ళిపోయాక స్టూలు మీద కూలబడి, మళ్ళీ పత్తి చేతిలోకి తీసుకుంది.

"ఏమన్నాడు ఆంటీ?"

"మీవాళ్ళు నా దుకాణానికి రావద్దనుకున్నారట. నిజమేనా?"

నేను తల దించుకున్నాను.

"కెమెరా ముందు కూర్చుని ఆ మాట చెప్పమన్నాడు. ఇండియావాళ్ళు నన్ను బాధపెడుతున్నారని. చెప్తే ఈ సరుకంతా వాళ్ళే కొంటారట. లీజు సంగతి కూడా చూసుకుంటారట. అంత పెద్ద దేశం నా వెనకాల ఉందట."

"మరి మీరేమన్నారు?"

"ఇది నాకూ నా పక్కింటివాళ్ళకీ గొడవ. నువ్వెవడివి? మీ నాన్న ఇంటికి పో అన్నాను. వాడికి అర్థం కాలేదు లా." ఆవిడ నవ్వింది. "మీవాళ్ళు వస్తారు. కోపం వచ్చింది, పోతుంది. దీపం మానేస్తారా ఏంటి? కార్తీక్ మాసం కదా."

ఓడరేవులు కట్టిన దేశం అది. ఓడలు, ఉపగ్రహాలు, ఎవరికి కావాలంటే వాళ్ళకి అప్పులు. ఆ దేశం వచ్చి ఈ ముసలావిడ కాళ్ళ దగ్గర కమలాపళ్ళు పెడితే వద్దు పొమ్మంది. దేన్ని చూసుకుని? మమ్మల్ని చూసుకుని. నా తల్లీ, మమ్మల్ని చూసుకుని! ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు పళ్ళు నూరుకోవాలనిపిస్తుంది.

ఆ సాయంత్రమే ఇంటింటికీ తిరిగాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. "ఆవిడ మన గురించి ఒక్క చెడ్డ మాట చెప్తే చాలు, లీజూ సరుకూ అన్నీ తీరిపోయేవి. చెప్పలేదండీ" అన్నాను. మూలింటి ముసలమ్మగారు కళ్ళు తుడుచుకుంది. "నిజమేనమ్మా, కానీ మా అల్లుడు గ్రూపులో ఉన్నాడు కదా, నేనేం చెయ్యను" అంది. అధ్యక్షుల వారు తలుపు సగమే తీశాడు. "అదంతా డ్రామా మేడమ్. వాళ్ళే ఇద్దరూ కలిసి చేస్తారు ఇట్లాంటివి. మీకు పాలిటిక్స్ తెలీదు." నాకు పాలిటిక్స్ తెలీదట! రోజూ పొద్దున లేస్తే అదే తింటున్నాను, నాకు తెలీదట!

వత్తుల సంగతి ఎలా అని వాళ్ళకి దిగులేం పట్టలేదు. ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టేశారు. పెట్టె వచ్చింది, ఇంటింటికీ పంచారు. మా ఇంటికీ ఒకటి వచ్చింది, నేను అడగకపోయినా. ప్లాస్టిక్ కవరు వెనక్కి తిప్పి చూశాను. తయారైంది చైనాలో. ఫొటో తీసి గ్రూపులో పెట్టాను. తరవాత ఒకరు పగలబడి నవ్వుతున్న బొమ్మ పెట్టారు. అధ్యక్షుల వారు మాత్రం, "ప్యాకింగ్ మాత్రమే అక్కడండీ. అది వేరే విషయం" అన్నాడు. వేరే విషయమట!

ఆంటీ పౌర్ణమి దాకా చూసింది. రోజూ ఆఫీసు నుంచి వస్తూ తొంగి చూసేదాన్ని. అరల్లో కట్టలు అలాగే ఉండేవి. మా బ్లాకువాళ్ళు దుకాణం ముందు నుంచి రావలసి వస్తుందని లెటర్ బాక్సుల వైపు నుంచి చుట్టు తిరిగి వెళ్ళేవాళ్ళు. ఒకసారి మూలింటి ముసలమ్మగారు ఆగి, చెయ్యి ఊపబోయి, అల్లుణ్ణి చూసి చెయ్యి దించేసుకుంది. ఆంటీ చూసింది. నేనూ చూశాను.

పౌర్ణమినాడు ఆఫీసుకి సెలవు పెట్టాను. పొద్దున వాన కురిసి, సాయంత్రానికి తెరిపిచ్చింది. పెద్ద సంచీ పట్టుకుని దుకాణానికి వెళ్ళాను. ఆవిడ కొడుకు లోపల అట్టపెట్టెల్లో సామాను సర్దుతున్నాడు. సంగతి అర్థమైంది. అయినా అన్నాను.

"ఆంటీ, మొత్తం కట్టలన్నీ నాకిచ్చెయ్యండి."

ఆవిడ నా సంచీ వంక చూసింది. తరవాత నా మొహం వంక చూసింది.

"ఒక ఇంటికి ఒక ఏడాది. నువ్వే కదా చెప్పావు? నీకెన్ని ఏళ్ళు కావాలి లా?"

అని మా ఇంటి కట్ట తీసి నా చేతిలో పెట్టింది. డబ్బు తీసుకోలేదు. మిగిలినవన్నీ ఒక తట్టలో పెట్టుకుని బయటికి నడిచింది. ఆవిడ వెనకే నేను.

మా బ్లాకు పక్కన గడ్డిలో ఇనప పీపా ఒకటుంటుంది. చైనీస్ వాళ్ళు చనిపోయినవాళ్ళ పేరు మీద కాగితాలూ బట్టలూ అందులో వేసి కాలుస్తారు. అవతలగా పెవిలియన్ కింద మావాళ్ళు అప్పటికే చేరారు. పట్టుచీరలు, ప్రమిదలు, ఆన్‌లైన్ వత్తులు. అధ్యక్షుల వారు మొబైల్లో మంత్రం పెట్టి ఫొటోలు తీస్తున్నాడు. ఆంటీ వాళ్ళ వైపు చూడలేదు. పీపాలో నిప్పు రాజేసి, నూనె పోసి, తట్టలోంచి ఒక కట్ట తీసింది.

"ఇది మూలిల్లు. పసుపు దారం." వేసింది. భగ్గుమంది.

"ఇది ఆరో అంతస్తు, కొత్తగా పిల్ల పుట్టినవాళ్ళు." వేసింది.

"ఇది పద్నాలుగు. లావు వత్తులు."

ఒక్కొక్క ఇల్లూ చెప్పి ఒక్కొక్క కట్టా వేసింది. ఒక్క ఇల్లు మర్చిపోలేదు. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"ఎందుకాంటీ ఇలాగ? మాలో దేవుడి ముందు కదా వెలిగిస్తాం. ఇందులో వెయ్యకూడదు."

"మీలో దేవుడికి లా. మాలో పోయినవాళ్ళకి." చెయ్యి విడిపించుకుంది. "వాళ్ళు ఎదురుగానే ఉన్నారు కదా ఆంటీ, బతికే ఉన్నారు కదా" అన్నాను. ఆవిడ అప్పుడు మొదటిసారి పెవిలియన్ వైపు చూసింది. "నాకు కనబడటం లేదు" అంది.

తట్ట ఖాళీ అయ్యాక చేతులు దులుపుకుని, చెప్పులు ఈడ్చుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. కొడుకు షట్టరు దించాడు. నేను నా కట్ట పట్టుకుని అక్కడే నిలబడ్డాను. నూనెలో తడిసిన పత్తి కదా, నల్లటి పొగ లేచి గాలివాటుకి పెవిలియన్ వైపు పోతోంది. దగ్గులు వినబడ్డాయి. చేతిలో ఫోను మోగింది. గ్రూపులో అధ్యక్షుల వారి మెసేజి.

"పూజ టైములో ఎవరో పొగ పెడుతున్నారు. టౌన్ కౌన్సిల్‌కి కంప్లయింట్ ఇద్దామా?"

వరసగా సరేనంటూ బొటనవేలి బొమ్మలు వచ్చాయి. ఆరో అంతస్తు. మూలింటి అల్లుడు. హైదరాబాదు అమ్మాయి.

నేను అక్కడే నిలబడి టైపు చేశాను. "ఇవ్వండి. ఆ పొగ మీ ఇళ్ళదే."

కాసేపటికి నన్ను గ్రూపులోంచి తీసేశారు.